ఇంటి ముందు చిన్న పూల చెట్టు: హాథార్న్ మనకు రాదు, వాక్కాయ ఉందిగా!

(ఎపిసోడ్ పూర్తి పాఠం)

ఈ రోజు మాట్లాడుకునేది చెట్ల గురించి. పెద్ద చెట్లు కాదు, చిన్నవి. మూడు నాలుగు సెంట్ల ఇంటి స్థలంలో, గేటు పక్కన, కరెంటు తీగకి అందకుండా, గోడని తొయ్యకుండా, ఏడాదికి ఒకసారైనా ఒళ్ళంతా పూసే చెట్టు ఏది అన్నది ప్రశ్న.

ఇది ఎందుకు ఎత్తుకున్నానంటే, రీల్స్‌లో హాథార్న్ అనే చెట్టు బాగా తిరుగుతోంది. మీరూ చూసే ఉంటారు. చెట్టు నిండా తెల్లటి పూలు, ఆకు కూడా కనబడదు. తర్వాత అదే చెట్టుకి ఎర్రటి కాయలు, వాటి మీద మంచు. అబ్బ, ఎంత బాగుంటుందో. దాని కింద ఆన్‌లైన్‌లో విత్తనాలు కొనే లింకు ఒకటి. మా రాయవరం కుర్రాళ్ళు ఇద్దరు ముగ్గురు అడిగారు, "అన్నా, ఇది మన దగ్గర పెరుగుద్దా, తెప్పించమంటావా?" అని.

తెప్పించకండి. చెట్టు మంచిదే, మన ఊరు దానికి పనికిరాదు.

హాథార్న్ అంటే గులాబీ కుటుంబంలోని చెట్టు. శాస్త్రం పేరు క్రటీగస్. యూరప్, ఉత్తర అమెరికా, చైనా, ఇలా చలి ఉన్న దేశాల్లో ఉంటుంది. మన దేశంలో చూడాలంటే కాశ్మీర్ దాకా వెళ్ళాలి. చలికాలంలో ఆకులన్నీ రాల్చేసి నిద్రపోతుంది, ఆ నిద్ర సరిగ్గా పడితేనే మళ్ళీ మొగ్గ విచ్చుకుంటుంది. దానికి వారాల తరబడి గడ్డకట్టే దగ్గర దగ్గరగా చలి ఉండాలి. మనకు సంక్రాంతి రాత్రుల్లో కూడా పదిహేను డిగ్రీల కిందకి దిగడం అరుదు. భోగి మంట వేసుకుని, దుప్పటి కప్పుకుని మనం వణికిపోతాం గానీ, ఆ చెట్టు లెక్కలో అది చలే కాదు!

విత్తనం సంగతి ఇంకా కష్టం. గింజ మీద రాయిలాంటి పెంకు ఉంటుంది. కొన్ని రకాలు మొలకెత్తడానికి ఏడాదిన్నర, రెండేళ్ళు కూడా పడుతుంది, మధ్యలో చలి తగలాలి. అందుకే ఆన్‌లైన్‌లో ఆ పొట్లం కొంటే, అది నిజంగా హాథార్న్ విత్తనమే అయినా, మీకు మిగిలేది మట్టి కుండీ.

అమెరికాలో ఉన్న మన వాళ్ళు కూడా చూస్తుంటారు కాబట్టి ఒక్క మాట. అక్కడైతే మీరు హాయిగా వేసుకోవచ్చు. మిస్సోరీ రాష్ట్రం 1923లో దీని పువ్వునే రాష్ట్ర పుష్పంగా పెట్టుకుంది. వాషింగ్టన్ హాథార్న్, వింటర్ కింగ్ అనే రకాలు ఇళ్ళ ముందు బాగా వేస్తారు. పిల్లలుంటే ముళ్ళు లేని క్రూసేడర్ రకం అడగండి. జూనిపర్ జాతి చెట్లు పక్కనే ఉంటే మాత్రం ఆకుకి తుప్పు తెగులు వస్తుంది, అది చూసుకోండి. ఇంకోటి, హాథార్న్ క్యాప్సూల్స్ గుండెకి మంచివని అమ్ముతుంటారు. గుండె మందులు వాడే వాళ్ళు డాక్టరుని అడక్కుండా వాటి జోలికి వెళ్ళొద్దు, ఆ మందులతో కలిస్తే తేడా చేసే అవకాశం ఉంది.

సరే, మన ఊరికి వద్దాం.

అసలు హాథార్న్ అనే మాటకి అర్థం ఏంటో తెలుసా? పాత ఇంగ్లీషులో హా అంటే కంచె. థార్న్ అంటే ముల్లు. కంచె ముల్లు, అంతే. ఇంగ్లండులో పొలాలకి గట్ల మీద కంచెగా నాటింది దీన్నే. పశువులు దూరకుండా ముల్లు, చూడ్డానికి తెల్ల పువ్వు, తర్వాత ఎర్ర కాయ. ఇప్పుడు చెప్పండి, ముల్లు, తెల్ల పువ్వు, ఎర్ర కాయ, కంచెకి పనికొచ్చేది, ఇవన్నీ ఉన్న చెట్టు మన దగ్గర ఏది?

వాక్కాయ.

నవ్వకండి. వాక్కాయ అనగానే పప్పులో వేసేది కదా అంటారు. అవును, అదే. దాని కాయ మీకు తెలుసు, దాని పువ్వుని ఎంతమంది చూశారు? సన్నజాజి లాంటి తెల్లటి పువ్వు, ఐదు రేకులు, గుత్తులుగా వస్తుంది, సాయంత్రం పూట మంచి వాసన. ఎండాకాలం మొదట్లో చెట్టంతా పూస్తుంది. ఆకు ఏడాది పొడుగునా ముదురాకుపచ్చగా, మెరుస్తూ ఉంటుంది, ఎప్పుడూ బోడిగా కనబడదు. వానాకాలంలో కాయలు, ముందు తెలుపు మీద గులాబీ రంగు, తర్వాత ఎరుపు, బాగా పండితే నల్లటి ఊదా. ఆ గులాబీ రంగు కాయ పచ్చటి ఆకుల మధ్య వాన నీళ్ళతో తడిసి ఉన్నప్పుడు ఫోటో తీయండి. మంచు లేకపోయినా రీల్‌కి తక్కువేం కాదు.

ఇంకో తమాషా. బేకరీ కేకు మీద ఎర్రగా పెడతారే చెర్రీ, మన దగ్గర చాలా చోట్ల అది చెర్రీ కాదు, వాక్కాయ. గింజ తీసి, పంచదార పాకంలో ఉడకబెట్టి, రంగు వేస్తారు. మీ పుట్టినరోజుకి మీరు తిన్నది చాలాసార్లు ఇదే అయ్యుంటుంది.

దీనికి ఒక చుట్టం కూడా ఉంది. మెట్ట ప్రాంతాల్లో, గుట్టల మీద పొదల్లా పెరిగే కలివి, కొందరు కలే పండ్లు అంటారు. కడప జిల్లాలో కలివి కోడి అనే పిట్ట గురించి విన్నారా? ఆ పొదల్లో తిరుగుతుందనే ఆ పేరు. ప్రపంచంలో ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986లో సిద్ధవటం దగ్గర మళ్ళీ దొరికింది. ఒక ముళ్ళపొద పేరు పిట్టకి అతుక్కుని మిగిలిపోయింది చూడండి. మన గోదావరి వైపు కూడా తోటల చుట్టూ వాక్కాయ కంచె ఉండేది. గోడలు, ముళ్ళ తీగ వచ్చాక ఆ కంచెలు పోయాయి, కాయ మాత్రం సంతలో మిగిలింది.

ఇప్పుడు అసలు విషయం. చిన్న చెట్టు అని నేను ఎందుకు పట్టుబడుతున్నానంటే, మన వాళ్ళు ఇల్లు కట్టగానే ఏదో ఒక చెట్టు వేస్తారు, పదేళ్ళకి దాన్ని కొట్టేస్తారు. తీగకి తగులుతోందని కరెంటోళ్ళు సగం నరుకుతారు. వేరు డ్రైనేజీలోకి వెళ్ళిందని మిగతా సగం మనం నరుకుతాం. పదేళ్ళు నీళ్ళు పోసి, నీడ వచ్చే వేళకి గొడ్డలి. తురాయి, బాదం, రావి లాంటివి వీధికి, గుడికి, బడికి బాగుంటాయి. నాలుగు సెంట్లలో అవి ఇమడవు.

పైగా మనది తుపాను నేల. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఏం జరిగిందో మీ అమ్మానాన్నల్ని అడగండి, మీలో చాలామంది అప్పటికి పుట్టలేదు. కొబ్బరి చెట్లే వరసగా పడిపోయాయి. వేరు పైపైన ఉండి, తల బరువుగా ఉన్న చెట్టు ఇంటి మీద పడితే పైకప్పు లేచిపోతుంది. పది, పన్నెండు అడుగుల గట్టి చెట్టుతో ఆ భయం చాలా తక్కువ. కొమ్మ విరుగుతుందేమో గానీ ఇల్లు కూలదు.

ఫ్యాషన్‌గా వచ్చిన చెట్ల సంగతి కూడా చెప్పాలి. కోనోకార్పస్ చూశారుగా, రోడ్ల మధ్యలో, లేఅవుట్ల చుట్టూ గోడలాగ పచ్చగా లేస్తుంది. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాన్ని నాటొద్దని ఆపేసింది. పుప్పొడితో ఎలర్జీ అని, వేళ్ళు పైపుల్లోకి వెళ్తున్నాయని కారణాలు చెప్పారు. ఎంత నిజం, ఎంత భయం అన్న దాని మీద వాదనలు నడుస్తున్నాయి. నా మాట మాత్రం ఇది, వాదన తేలేదాకా మన సెప్టిక్ ట్యాంకు పక్కన దాన్ని పెట్టి చూడాల్సిన అవసరం ఏముందండి? సప్తపర్ణి కూడా అంతే. నర్సరీలో ఆల్‌స్టోనియా అంటారు. విశాఖపట్నంలో రోడ్ల పక్కన బాగా వేశారు, చలికాలం మొదట్లో అది పూస్తే ఆ ఘాటు వాసనకి ఊపిరాడట్లేదని అక్కడి జనం గోల పెట్టారు.

అన్నిటికంటే ముఖ్యమైనది పచ్చగన్నేరు. దయచేసి ఇది జాగ్రత్తగా వినండి. పచ్చటి గంటల్లాంటి పూలు, చిన్న చెట్టు, నీళ్ళు పోయకపోయినా బతుకుతుంది, దేవుడికి పనికొస్తుంది. అందుకే ప్రతి వీధిలో ఉంది. కానీ దాని గింజ గుండెని ఆపేసే విషం. గన్నేరుపప్పు అని మనం ఒకర్నొకరు వెక్కిరించుకునే మాట ఉందిగా, ఆ పప్పు ఇదే. చిన్న పిల్లలు ఆడుకుంటూ ఆ కాయ కొట్టి నోట్లో పెట్టుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా మింగితే ఇంట్లో చింతపండు నీళ్ళు, ఉప్పు నీళ్ళు అంటూ టైమ్ పాడు చేయకండి, వెంటనే 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. పైకి బాగానే ఉన్నట్టు కనబడినా తీసుకెళ్ళాలి, గుండె కొట్టుకోవడం తర్వాత దెబ్బతినొచ్చు. ఎర్ర గన్నేరు కూడా విషమే, ఆకుతో సహా. పిల్లలున్న ఇంట్లో ఈ రెండూ వద్దు.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. వాక్కాయ కొమ్మ విరిచినా తెల్ల పాలు వస్తాయి కదా అని. నిజమే. వాక్కాయ, గన్నేరు, నందివర్ధనం, దేవగన్నేరు, అన్నీ ఒకే కుటుంబం. అయినా వాక్కాయ కాయ మనం తరతరాలుగా తింటున్నాం. కుటుంబం ఒకటైతే గుణం ఒకటి కాదు, మన ఇళ్ళల్లో చూడట్లేదా! కాకపోతే ఆ పాలు చేతికి జిగురుగా అంటుకుంటాయి, కంట్లో పడితే మండుతుంది. కాయలు కోసేటప్పుడు చేతికి కాస్త నూనె రాసుకోండి, తరిగాక ఉప్పు నీళ్ళలో వేసి కడగండి.

ఇప్పుడు నాటడం. రాయవరం చుట్టుపక్కల మన ఇళ్ళ స్థలాలు చాలావరకు ఒకప్పటి వరి చేలు. పల్లం కాబట్టి ఎర్ర గ్రావెల్ తోలి మెరక చేసి, రోలర్ తొక్కించి ఇల్లు కడతాం. పైన అడుగున్నరో రెండడుగులో రాయిలాంటి గ్రావెల్, దాని కింద నల్లటి బంకమట్టి. చాలా మొక్కలు చచ్చిపోయేది ఇక్కడే. చిన్న గొయ్యి తీసి మొక్క పెడితే అది కుండీలో పెట్టినట్టే, వాన పడితే ఆ గొయ్యిలో నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. జనం ఏమో "నర్సరీ వాడు మోసం చేశాడు" అంటారు.

అందుకని గునపం పట్టుకుని గ్రావెల్ పొర దాటి కింద మట్టి తగిలేదాకా తవ్వండి. రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు, పొర మందంగా ఉంటే ఇంకా లోతు. తీసిన గ్రావెల్ మళ్ళీ అందులో వెయ్యకండి. చేలో ఒండ్రు మట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, రెండు గుప్పిళ్ళ వేపపిండి కలిపి నింపండి. నింపాక అది చుట్టూ నేల కన్నా జానెడు ఎత్తుగా గుట్టలా ఉండాలి. వాక్కాయ ఎండకి తట్టుకుంటుంది, చవక నేలకి తట్టుకుంటుంది, వేళ్ళ దగ్గర నీళ్ళు నిలవడానికి మాత్రం తట్టుకోదు. మెరక స్థలమైతే తొలకరి పడ్డాక జూన్, జూలైలో పెట్టండి. ఇంకా పల్లంగా ఉండి వానాకాలం అంతా నీళ్ళు నిలిచే చోటైతే ఆగండి, కార్తీకం వెళ్ళి తుపాను వానలు తగ్గాక పెట్టండి.

నీడలో పెడితే పూత రాదు. రోజుకి ఆరు గంటలైనా ఎండ తగిలే చోటు చూడండి.

మొక్క ఎక్కడ కొనాలి అంటే, మనంత అదృష్టవంతులు లేరండి. కడియం, కడియపులంక, వేమగిరి, బుర్రిలంక, ఆ నర్సరీల నుంచి మొక్కలు దేశం అంతా వెళ్తాయి, మనకేమో బండి మీద వెళ్ళొచ్చే దూరం. వెళ్ళినప్పుడు ఎత్తుగా ఉన్న మొక్క చూసి పడిపోకండి. కవరు చిన్నది, మొక్క ఐదడుగులు అంటే అది అందులో చాలా రోజులుగా మగ్గుతోందని అర్థం. వేర్లు లోపల చుట్టుకుపోయి ఉంటాయి. రెండడుగుల మొక్క, మొదలు బొటనవేలంత లేకపోయినా గట్టిగా ఉండి, ఆకు నిగనిగలాడుతూ ఉంటే అది తీసుకోండి. నాటేటప్పుడు కవరు పూర్తిగా కోసి తీసేసి, చుట్టుకున్న వేర్లు ఉంటే బ్లేడుతో రెండు మూడు చోట్ల నిలువుగా గీయండి.

రకాలు కూడా ఉన్నాయి. పంత్ మనోహర్, పంత్ సుదర్శన్ పంత్‌నగర్ విశ్వవిద్యాలయం వాళ్ళవి, కొంకణ్ బోల్డ్ మహారాష్ట్ర దాపోలి నుంచి వచ్చింది. దొరికితే మంచిదే. దొరక్కపోతే సంతలో బాగా పండిన కాయలు కొని, గింజ తీసి, కడిగి, ఆరబెట్టకుండా వెంటనే పాతేయండి. ఎండబెట్టి దాచుకుంటే ఆ గింజ మొలవదు. గింజ మొక్కకి కాపు మామూలుగా మూడో ఏడు నుంచి మొదలవుతుంది.

దీన్ని వదిలేస్తే చెట్టు అవదు, పొద అవుతుంది. చెట్టులా నిలబడాలంటే మనమే చెయ్యాలి, ఇందులో నాకు భలే ఇష్టమైన పని ఇదే. మొదటి ఏడు ఏం కొయ్యకండి, పక్కన ఒక వెదురు కర్ర పాతి, నిటారుగా ఉన్న ఒక్క కొమ్మని దానికి వదులుగా కట్టండి. రెండో ఏడు మోకాలి ఎత్తు దాకా ఉన్న పక్క కొమ్మలన్నీ తీసేయండి. మూడో ఏడు నడుము దాకా. నాలుగో ఏడుకి పిల్లల తల కన్నా పైకి మొదలు శుభ్రంగా వచ్చెయ్యాలి, గొడుగు అక్కణ్ణుంచి మొదలవ్వాలి. ఇది అందం కోసం మాత్రమే కాదు, ముల్లు కంటి ఎత్తులో ఉండకూడదు. వాక్కాయ ముల్లు అంగుళం, అంగుళమున్నర ఉంటుంది, సూదిలా గట్టిగా ఉంటుంది. నడిచే దారికి కనీసం నాలుగడుగులు ఎడం ఇచ్చి నాటండి.

కొమ్మలు కొట్టేది ఎప్పుడు? కాయలన్నీ కోసేశాక, వానాకాలం చివర్లో. సంక్రాంతికి ఇల్లు శుభ్రం చేస్తూ చెట్టుకి కూడా క్షవరం చేస్తే, పూత రావాల్సిన చివుళ్ళన్నీ పోతాయి, ఆ ఏడు ఇక చూసేది ఆకులే. కోసిన ముళ్ళ కొమ్మల్ని రోడ్డు మీద పారెయ్యకండి, పక్కింటి వాళ్ళ స్కూటీ టైరు పంచరైతే మిమ్మల్ని తిట్టుకుంటారు.

నీళ్ళు మొదటి రెండు వేసవులు తప్పకుండా పోయాలి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, బోరు నీళ్ళే గతి. వారానికి రెండు మూడు సార్లు, ఒక బకెట్, మొదట్లో ఎండుగడ్డి గానీ కొబ్బరి పీచు గానీ పరిస్తే చాలు. పీచుకి మనకు కొదవా? మూడో ఏడు నుంచి దాన్ని దాని మానాన వదిలెయ్యొచ్చు. యూరియా వెయ్యకండి, ఆకు దట్టంగా వస్తుంది గానీ పువ్వు తగ్గుతుంది.

ముళ్ళు వద్దు బాబోయ్ అనే వాళ్ళకి వేరే దారులున్నాయి. పారిజాతం నాకు తెలిసి చిన్న ఇంటికి మంచి జోడీ, రాత్రి పూసి తెల్లారేసరికి వాకిట్లో తెల్లటి పూలు, కాషాయం కాడలు పరిచేస్తుంది. దానికీ నీళ్ళు నిలవకూడదు, వానాకాలంలో గొంగళి పురుగులు కాస్త ఆకు తింటాయి, కంగారుపడక్కర్లేదు. తెల్ల దేవకాంచనం ఆరేడు అడుగుల దగ్గర ఆగుతుంది, చాలా చిన్న జాగాకి అది. గోరింట కూడా చెట్టులా పెంచొచ్చు, దాని పువ్వు వాసన ఎవరూ పట్టించుకోరు గానీ అద్భుతం. పొగడ నెమ్మదిగా పెరుగుతుంది, చివరికి పెద్దదే అవుతుంది, పది సెంట్లు ఉంటే ఆలోచించండి. రేల పూలు ఎండాకాలంలో బంగారు గొలుసుల్లా వేలాడతాయి, అదీ పెద్ద జాగా చెట్టే. తంగేడు మెట్ట నేలది, మన తడి బంకమట్టిలో దాన్ని ఇబ్బంది పెట్టొద్దు.

అద్దె ఇంట్లో ఉంటున్నాం, కుండీలో పెట్టొచ్చా అని అడిగే వాళ్ళకి: పెట్టొచ్చు. వాక్కాయ పెద్ద సిమెంటు తొట్టిలో బాగానే బతుకుతుంది, నాలుగడుగుల్లో ఉంచుకోవచ్చు, పూస్తుంది, కాస్తుంది కూడా. తొట్టి అడుగున కన్నం పెద్దదిగా ఉండాలి, అది మూసుకుపోకుండా పెంకు ముక్కలు వేయండి. రెండు మూడేళ్ళకోసారి తీసి వేర్లు కాస్త కత్తిరించి కొత్త మట్టి వేయాలి. కాపు పప్పుకి సరిపోతుంది, పచ్చడి పెట్టుకోవాలంటే మాత్రం నేలలో పెట్టాల్సిందే.